ప్రమాణ కంఠానికి జలుబు

జోగారావుకి జలుబు చేసిన రోజున నలభై లక్షల ఫోన్లు మనుషుల మాట వినడం మానేశాయి.

తప్పు జోగారావుది కాదనీ, ఆ నలభై లక్షల మందిదేననీ మా మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం రాసింది నేనే.

నా పేరు ఫణీంద్ర. సంచార సంభాషణ ప్రమాణాల మండలిలో సహాయ కార్యదర్శిని. హైదరాబాదులో ఒక పాత భవనం నాలుగో అంతస్తులో మా ఆఫీసు. లిఫ్టు పనిచేయదు. మెట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు. ప్రతి వస్తువుకీ ఒక కచ్చితమైన కొలత ఉండాలని దేశానికి చెప్పడం మా పని. ఆ మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, ఆ పని చేస్తాం.

అప్పట్లో 'పలుకు' అనే కొత్త సేవ వచ్చింది. ఫోన్‌లో ఏదీ నొక్కక్కర్లేదు. తెలుగులో మాట్లాడితే చాలు. ఫలానా వాళ్ళకి ఫోన్ చెయ్యమంటే చేస్తుంది. బస్సు ఎక్కడుందో అడిగితే చెబుతుంది. గ్యాస్ బుక్ చెయ్యమంటే చేస్తుంది.

అలా చేస్తుందని ఆరు కంపెనీలు ప్రకటించాయి. చేసింది మాత్రం వేరు. ఒక కంపెనీ తమ ఇంజినీరు బావమరిది చేత మాట్లాడించి, ఆ గొంతుతో ఫోన్లకి తెలుగు నేర్పింది. ఆయనది రేపల్లె. ఆ ఫోన్లు రేపల్లె చుట్టూ ముప్పై కిలోమీటర్ల దాకా బ్రహ్మాండంగా పనిచేశాయి. సిద్దిపేటలో ఒకాయన "బస్ ఎప్పుడొస్తది" అని అడిగితే, "వస్తది అనే పేరుతో మీ ఫోన్‌లో ఎవరూ లేరు" అంది. ఒక కంపెనీ ఫోనులో చెప్పిన మాట ఇంకో కంపెనీ టవరు దాటేసరికి ఇంకో మాట అయ్యేది. ఒకావిడ గ్యాస్ బండ అడిగితే ఇంటి ముందుకి బ్యాండుమేళం వచ్చింది. వాళ్ళు వాయించి గాని వెళ్ళలేదు.

కంపెనీలన్నీ కలిసి మా దగ్గరికి వచ్చాయి. తెలుగుకి ఒక ప్రమాణం కావాలన్నాయి. అది ఉంటే ఎవరి ఫోనైనా ఎవరి టవరు మీదైనా ఒకేలా వింటుంది. అడిగింది న్యాయమే.

మా అధ్యక్షులు డాక్టర్ విరూపాక్షం గారు. ఒకసారి విదేశీ యాత్రలో, గాజు బుడ్డి కింద పెట్టిన కిలో రాయిని చూసి వచ్చారు. ప్రపంచంలోని కిలోలన్నిటికీ అదే తల్లి అని ఎవరో చెప్పారట. అప్పట్నుంచి ఆయన మనిషి మారిపోయారు.

ప్రయోగశాల ఇంజినీరు కుముదిని ఒక సూచన చేసింది. "సార్, అన్ని జిల్లాల నుంచి పదివేల మంది గొంతులు రికార్డు చేద్దాం. ఫోన్ అందరి మాటా వినడం నేర్చుకుంటుంది."

"అప్పుడు ప్రమాణం ఎక్కడుంటుందమ్మా?" అన్నారు విరూపాక్షం గారు.

"ఆ పదివేల గొంతుల్లోనూ ఉంటుంది సార్."

"అన్నిచోట్లా ఉండేది దేవుడు. ప్రమాణం ఒకచోటే ఉండాలి. తనిఖీకి వచ్చినవాడికి బీరువా తీసి చూపించగలగాలి."

అందుకని ఒకే ఒక్క గొంతు వెతకాలని నిర్ణయం జరిగింది. ఎంపిక సంఘంలో నలుగురు సభ్యులు. ఒకరు శ్రీకాకుళం, ఒకరు అమలాపురం, ఒకరు నంద్యాల, ఒకరు కరీంనగర్. ఎనిమిది నెలల్లో అరవై ఒక్క మందిని విన్నారు. అరవై ఒక్కరినీ ముగ్గురేసి సభ్యులు తిరస్కరించారు. ఏ ముగ్గురన్నది మాత్రమే మారుతూ వచ్చింది.

అరవై రెండో అభ్యర్థి కోసం ఎదురుచూస్తుండగా సమావేశం గదిలో మైకు చెడిపోయింది. కింద వీధిలో మైక్ సెట్ షాపు నుంచి ఒకతన్ని పిలిపించాం. వైరు బాగుచేసి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో హలో, మైక్ టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు. మంచిగైంది సార్. ఇంక ఏటీ ఇబ్బంది లేదప్పా, మాట్లాడుకోండి, ఆయ్."

నలుగురు సభ్యులూ తలలెత్తారు.

"మీవాడా?" అన్నాడు అమలాపురం సభ్యుడు నంద్యాల సభ్యుణ్ణి.

"మావాడు గాదప్పా. మీ పక్కోడనుకుంటి."

"మా ఊరోడైతే గాదు," అన్నాడు కరీంనగర్ సభ్యుడు.

"మావోడు అసలే కాదు," అన్నాడు శ్రీకాకుళం సభ్యుడు.

మండలి చరిత్రలో ఆ నలుగురూ ఒక విషయం మీద ఏకీభవించడం అదే మొదలు. అతని పేరు గార్లపాటి జోగారావు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. పలాసలో పుట్టి, సామర్లకోటలో నడక నేర్చి, గుంతకల్లులో బడికి పోయి, కాజీపేటలో పెళ్ళి చేసుకున్నాడు. ఎవరూ తమదని ఒప్పుకోని తెలుగు అతనిది. అంతకంటే నిష్పాక్షికమైన గొంతు దొరకదని విరూపాక్షం గారు ప్రకటించారు.

అలా జోగారావు 'ప్రమాణ కంఠం' అయ్యాడు. శాశ్వత ఉద్యోగం. మా ప్రమాణ పత్రంలో నాలుగో నిబంధన ఒకే వాక్యం: "ప్రమాణ కంఠము నుండి ఏది వెలువడునో అదియే ప్రమాణము."

కుముదిని చెయ్యెత్తింది. "అతనికి జలుబు చేస్తే సార్?"

"ప్రమాణానికి జలుబు చేయదమ్మా," అన్నారు విరూపాక్షం గారు. "చేసిందీ అనుకో, అప్పుడు జలుబు లేనివాళ్ళందరూ ప్రమాణం తప్పినట్టు."

అందరూ నవ్వారు. నేను దాన్ని కూడా మినిట్స్‌లో రాశాను.

*

జోగారావు కోసం ఒక గాజు గది కట్టారు. జలుబు రాకుండా పగలూ రాత్రీ ఏసీ. రోజూ ఉదయం పది గంటలకి అతను మూడు వందల మాటల జాబితా చదువుతాడు. "నమస్కారం. అమ్మకి ఫోన్ చెయ్యి. బస్సు ఎక్కడుంది..." అలా. ఆ గొంతు గాలిలో ప్రయాణించి ప్రతి ఫోనుకీ చేరి, ఆ రోజు తెలుగు ఎలా ఉండాలో చెబుతుంది.

గొంతు అరగకూడదు కాబట్టి మిగతా వేళల్లో మాట్లాడకూడదు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించాలి. ఐస్‌క్రీమ్, పచ్చళ్ళు, పాటలు, కోపం నిషేధం. గుసగుస మరీ నిషేధం. గుసగుసలాడితే గొంతు మామూలు మాట కంటే ఎక్కువ అలిసిపోతుందని ఒక డాక్టరు రాసిచ్చాడు. ఎవరైనా మారువేషంలో వచ్చి జోగారావు కుర్చీలో కూర్చుంటే ఎలా అని విరూపాక్షం గారికి ఒక బెంగ. అందుకని పదకొండో నిబంధన తానే చెప్పి నాచేత రాయించారు. ఉద్యోగుల్లో ఎవరు లిఖితపూర్వకంగా కోరినా, సీలు వేసిన ఒక పలుకు ఫోనుతో ఆ గొంతుని పరీక్షించాలి. సరిపోలని గొంతు ప్రమాణ కంఠం కాదు. ఆ మనిషిని తక్షణం ఆవరణ నుంచి పంపేయాలి.

ఉన్నమాట చెప్పాలి. పలుకు పనిచేసింది. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు చేతులకి నూనె ఉండగానే పిల్లల బడికి ఫోన్ చేశారు. నల్లగొండ జిల్లాలో ఒక గీత కార్మికుడు తాటిచెట్టు మీద, రెండు చేతులతో మోకు తాడు పట్టుకుని, "ఇంటికి ఫోన్ చెయ్యి" అంటే ఫోను చేసింది. చదువు రాని ముసలాయన ఒకడు బ్యాంకుతో మాట్లాడాడు. ఆరు కంపెనీల ఫోన్లూ ఒకే చెవితో విన్నాయి. జనం కూడా ఫోనుతో మాట్లాడేటప్పుడు కొంచెం జోగారావులా మాట్లాడడం అలవాటు చేసుకున్నారు. మేమంతా సన్మానాలు చేయించుకున్నాం.

ఆ సంవత్సరం జోగారావుకి ఆడపిల్ల పుట్టింది.

గాజు గదిలోంచి పలక మీద రాసి నాకు చూపించాడు: "ఇరవై ఒకటో రోజు బారసాల. పాప చెవిలో పేరు చెప్పాలి. మూడు సార్లు. సెలవు కావాలి."

సెలవు నేనివ్వగలను. చెవిలో చెప్పడం అంటే గుసగుస. దానికి ఫైలు నడవాలి. నడిపాను. విరూపాక్షం గారు మార్జిన్‌లో రాశారు: "పేరును లౌడ్‌స్పీకర్ లేకుండా, మామూలు స్వరంలో, గది అవతలి నుండి ఉచ్చరించిన అభ్యంతరం లేదు."

మర్నాడు జోగారావు భార్య నీలవేణి నాలుగంతస్తులూ ఎక్కి వచ్చింది. పచ్చి బాలింత. తలకి గుడ్డ కట్టుకుని ఉంది. ఒళ్ళో పాప. మా అధ్యక్షుల గదిలో కూర్చోమనకముందే కూర్చుంది.

"ఏంది సారు, తొట్టెలనాడు తండ్రి బిడ్డ పేరు గది అవతల నిలబడి చెప్తడా? గాయన బస్సులు పిలుస్తుండా?"

"అమ్మా, మీరు భావోద్వేగంతో చూస్తున్నారు," అన్నారు విరూపాక్షం గారు. "మీ వారి స్వరతంత్రులు జాతీయ ఆస్తి."

"తంత్రులు మీరే ఉంచుకోండ్రి. ఆయిన్ని పంపుండ్రి."

"తంత్రులు ఆయన లోపల ఉన్నాయి గదమ్మా."

"ఆయినని ఇడిశిపెట్టుండ్రి మరి. రాజీనామా రాస్తడు."

"కిలో రాయి రాజీనామా చేస్తుందా?"

నీలవేణి పాపని ఒళ్ళో సర్దుకుంది. "మా అమ్మ నేను పెండ్లి పిల్లనైన సంవత్సరమే పోయింది. యామిని ఆమె పేరు. గా పేరు దీని చెవిల పడాలె. పడకపోతే నేనీడికెళ్ళి లేవ." ఆ మాట అని ఒళ్ళో పిల్లకి పాలు పట్టడం మొదలుపెట్టింది.

విరూపాక్షం గారు గోడకేసి తిరిగి ఉత్తర్వు చెప్పారు. మూడు గుసగుసలకు ప్రత్యేక అనుమతి. ఒక్కొక్కటి మూడక్షరాలకు మించరాదు. కుముదిని మీటరుతో హాజరు కావాలి.

బారసాలకి ఇంకా పన్నెండు రోజులుంది. ఆ సాయంత్రమే జోగారావు మొదటి తుమ్ము తుమ్మాడు. జలుబు రాకుండా పెట్టిన ఏసీ వల్లే వచ్చిందని తర్వాత తేలింది.

*

మర్నాడు ఉదయం పది గంటలకి జోగారావు జాబితా తీసుకుని చదివాడు.

"డబస్కారబ్. అబ్బకి ఫోడ్ చెయ్యి. బస్సు ఎక్కడుద్ది."

కుముదిని మీట మీదకి దూకింది. ఆలస్యమైపోయింది. పది గంటల రెండు నిమిషాలకి ఆ తెలుగు నలభై లక్షల ఫోన్లకి చేరింది.

పదీ ఐదుకి జనం "నమస్కారం" అంటే ఫోన్లు "మీ మాట ప్రమాణానికి అనుగుణంగా లేదు" అన్నాయి. పదీ పదికి మా ఆఫీసు ఫోన్లు మోగాయి. పదకొండుకి అత్యవసర సమావేశం.

"నిన్నటి రికార్డు పంపిస్తే ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది సార్," అంది కుముదిని.

"నిన్నటిది నిన్నటి ప్రమాణం," అన్నారు విరూపాక్షం గారు. "నాలుగో నిబంధన చదవండి."

చదివాను. దానికి రెండో అర్థం లేదు.

"ఒక్కసారి ప్రమాణమే తప్పని ఒప్పుకున్నామా, రేపు కిలో తప్పంటారు, ఎల్లుండి మీటరు తప్పంటారు. దేశం ఎక్కడ నిలబడుతుంది? ప్రమాణం మారలేదు. ప్రజలు జారారు. సర్దుకోవడానికి వాళ్ళకి వారం గడువిద్దాం."

అలా ఆ తీర్మానం జరిగింది. సాయంత్రానికి సర్క్యులర్ వెళ్ళింది: "వినియోగదారులు తమ ఉచ్చారణను ప్రమాణ కంఠముతో సరిచూసుకొనవలెను. ఇందు నిమిత్తము నాసికను బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ళతో మితముగా బిగించుట అనుమతించబడినది."

జనం మేం అనుకున్నదానికంటే తొందరగా సర్దుకున్నారు. పనులు ఆగవు కదా. రెండో రోజుకి బస్టాండుల్లో అందరూ ముక్కులు పట్టుకుని ఫోన్లతో మాట్లాడుతున్నారు. నాలుగో రోజుకి బట్టలారేసే క్లిప్పులకి రబ్బరు తొడిగి, మా మండలి ముద్రతో అమ్మకానికి పెట్టారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు వెలిశాయి. 'నలభై గంటల్లో నాసిక తెలుగు. ఉద్యోగం గ్యారంటీ.' ఒక ప్రైవేటు బడి నర్సరీ నుంచే నేర్పుతామంది. కాల్ సెంటర్లలో జలుబున్నవాళ్ళకి ప్రమోషన్లు వచ్చాయి. పెళ్ళిచూపుల్లో ఒకమ్మాయి "డా పేరు బాధవి" అంటే, పిల్ల చదువుకున్నదని పెళ్ళివారు మెచ్చుకున్నారట.

నల్లగొండ గీత కార్మికుడు మాత్రం మాకు ఉత్తరం రాశాడు. తాటిచెట్టు మీద రెండు చేతులూ మోకుకి ఉంటాయి, ముక్కు ఎవరు పట్టుకోవాలి అని. దాని మీద ఉపసంఘం వేశాం.

ఐదో రోజు మధ్యాహ్నానికి జోగారావుకి జలుబు తగ్గింది. గాజు గదిలోంచి నన్ను చూసి నవ్వి, పలక మీద రాశాడు: "ముక్కు ఫ్రీ. బారసాల ఇంకో ఏడు రోజులు."

నేను ఊపిరి పీల్చుకునే లోపల కంపెనీల సంఘం నుంచి లేఖ వచ్చింది. జలుబు తెలుగుకి సరిపోయే కొత్త ఫోన్లు లక్షల్లో తయారయ్యాయట. ప్రమాణం అన్నాక స్థిరత్వం ఉండాలట. మళ్ళీ మారిస్తే పరిశ్రమ తట్టుకోలేదట.

విరూపాక్షం గారికి స్థిరత్వం అన్న మాట బాగా నచ్చింది. ఆ పూటే రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది: జలుబు చేసిన ఉదయం పది గంటలకు వెలువడినదే ఇక శాశ్వత ప్రమాణం, ఇకపై కొత్తగా ఏదీ ఫోన్లకు పంపరాదు. రెండోది: ప్రమాణం కాగితం మీద ఉండి మనిషిలో లేకపోతే వట్టి కాగితమే కాబట్టి, ప్రమాణ కంఠం జలుబును యథాతథంగా నిర్వహించాలి.

'జలుబు నిర్వహణ విభాగం' ఏర్పడింది. మొన్నటిదాకా నిషేధించిన ఐస్‌క్రీమ్ ఇప్పుడు రోజుకి మూడుపూటలా తప్పనిసరి. తలకి తడి తువ్వాలు. ఎదురుగా రెండు కూలర్లు. ఆరో రోజు రాత్రికల్లా జోగారావు ముక్కు మళ్ళీ మూసుకుపోయింది. విభాగాధిపతి ఆనందంగా రిపోర్టు ఇచ్చాడు: "నాసికావరోధం నూటికి తొంభై ఆరు పాళ్ళు."

జోగారావు పలక మీద ఒకే మాట రాశాడు: "పాప?"

నీలవేణికి ఫోన్ చేశాను. ముక్కు పట్టుకునే చేశాను, లేకపోతే కలవదు.

"జలుబున్నోన్ని పసిబిడ్డ దగ్గరికి రానిస్తనా? మీకు పిల్లలు లేరా సారు?"

"దూరం నుంచి చెబితే ఎలా ఉంటుందమ్మా?"

"ఏం చెప్తడు? ఒకపారి చెప్పిపియ్యుండ్రి, వింట."

ఫోను గాజు గదిలోకి ఇచ్చాను. జోగారావు ఎంతో ప్రేమగా అన్నాడు. "యాబిడి."



"మా అమ్మ పేరు గిది కాదు," అంది నీలవేణి. ఫోన్ పెట్టేసింది.

*

ఇంకా ఐదు రోజులుంది.

ఆ మధ్యాహ్నం కుముదిని నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ప్రమాణ పత్రం. పదకొండో నిబంధన దగ్గర పేజీ మడిచి ఉంది.

"ఫణి గారూ, ఇది చదివారా?"

"రాసిందే నేను. ఆయన చెప్పారు, నేను రాశాను."

"సరిపోలని గొంతు ప్రమాణ కంఠం కాదు. ఆ మనిషిని తక్షణం ఆవరణ నుంచి పంపేయాలి." వేలితో చూపించింది. "బారసాల రోజు పొద్దున పదింటికి పరీక్ష పెట్టమని నేను అర్జీ ఇస్తున్నాను. ఉద్యోగుల్లో ఎవరైనా ఇవ్వచ్చు కదా."

"జోగారావుకి జలుబు ఉన్నంత కాలం సరిపోలుతూనే ఉంటుంది కదమ్మా."

"ఉన్నంత కాలం," అంది కుముదిని.

అర్జీ మీద స్వీకరించినట్టు ముద్ర వేశాను. అంతకు మించి నేనేమీ చేయలేదు. ఆ సాయంత్రం నుంచి జోగారావు ఇంటి దగ్గర్నుంచి ఒక ఫ్లాస్కు రావడం మొదలైంది. దాని మీద పెద్ద అక్షరాలతో 'వెనిలా' అని చీటీ. మా సెక్యూరిటీవాళ్ళు చీటీలు చదువుతారు. మూతలు తీయరు. లోపల నీలవేణి కాచిన మిరియాల చారు. రెండో ఫ్లాస్కులో పసుపు వేసి మరిగించిన పాలు. దాని మీద 'స్ట్రాబెరీ' అని రాసి ఉంది.

కూలర్లు తిరుగుతున్నాయి కాని వాటిలో నీళ్ళు పోయడం ఎవరో మర్చిపోయారు. తువ్వాలు పొడిగా ఉన్నా తడిగా కనిపించేలా కుముదిని దానికి గంజి పట్టించింది. విభాగం పంపిన ఐస్‌క్రీమ్ రోజుకి మూడు కప్పులు ఖాళీ అవుతూనే ఉన్నాయి. ఎవరు తిన్నారన్నది ఇక్కడ అప్రస్తుతం. నాకు గొంతునొప్పి తగ్గడానికి రెండు వారాలు పట్టింది.

విభాగాధిపతి రోజూ అద్దం అవతలి నుంచి చూసేవాడు. జోగారావు ముక్కు ఎగబీల్చేవాడు. మైక్ సెట్ వాడు కదా, ఎంత దూరానికి ఎంత శబ్దం వెళ్ళాలో అతనికి తెలుసు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. ముహూర్తం పదకొండుంబావు. ఇల్లు మౌలాలిలో.

పది గంటలకి పరీక్ష. సీలు తీసిన ఫోను బల్ల మీద పెట్టారు. విరూపాక్షం గారు, నలుగురు సభ్యులు, విభాగాధిపతి వరసగా కూర్చున్నారు. జోగారావుని గాజు గదిలోంచి తెచ్చి నిలబెట్టారు.

"కానివ్వండి," అన్నారు విరూపాక్షం గారు.

జోగారావు నా వంక ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం," అన్నాడు. స్ఫటికంలా ఉంది. మొదటి రోజు మైకు ముందు అన్న గొంతే.

ఫోను ఒక్క క్షణం ఆలోచించింది. "బీ బాట ప్రబాణాడికి అడుగుణగా లేదు. దయచేసి ప్రబాణ కఠాడ్డి సప్రదిచడ్డి."

మొదట మాట్లాడింది విభాగాధిపతి. "నిన్న రాత్రి వరకు తొంభై ఎనిమిది పాళ్ళు ఉంది సార్. నేను స్వయంగా విన్నాను."

"అయితే నిన్న రాత్రి ఉన్నది ప్రమాణ కంఠం," అన్నారు విరూపాక్షం గారు నెమ్మదిగా. "ఈ నిలబడ్డ మనిషి ఎవరు?"

"జోగారావు సార్," అన్నాను.

"పేరు అడగలేదు. హోదా అడిగాను."

"హోదా... ప్రస్తుతం ఏమీ లేదు సార్. పదకొండో నిబంధన ప్రకారం."

"నేను అప్పుడే చెప్పాను. మారువేషంలో ఎవడో ఒకడు వస్తాడని." ఆయన ముఖంలో భయం కంటే గెలుపే ఎక్కువ కనిపించింది. "పంపించెయ్యండి. అసలు ప్రమాణ కంఠం ఎక్కడికి పోయిందో వెతకండి."

పదీ పన్నెండుకి జోగారావుని ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు చెరో రెక్క పట్టుకుని, చంకలో పలకతో సహా నాలుగంతస్తులూ దింపి రోడ్డు మీద వదిలారు. అంత మర్యాదగా అతన్ని ఆ భవనంలోంచి ఎవరూ పంపలేదు. నేనూ కుముదినీ వాళ్ళకంటే ముందే దిగి, కింద ఆటోలో కూర్చుని ఉన్నాం.

"మౌలాలి," అన్నాడు జోగారావు ఆటోవాడితో. ఏడాది తర్వాత పలక మీద రాయకుండా అతను ఎదురుగా ఉన్న మనిషితో అన్న మొదటి మాట అది.

"బౌలాలియా?" అన్నాడు ఆటోవాడు ముక్కుకి క్లిప్పు సర్దుకుంటూ.

తార్నాక దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. పదీ నలభై. జోగారావు దిగి పరిగెత్తుతానన్నాడు. కుముదిని అతని చొక్కా పట్టుకుని ఆపింది. "చెమట పట్టి గాలి తగిలితే మళ్ళీ జలుబు చేస్తుంది. కూర్చోండి." కూర్చున్నాడు. పదకొండూ పదికి ఇంటి ముందు దిగాం.

ఇంట్లో మామిడాకులు, సాంబ్రాణి పొగ, జనం. పాపకి పొద్దున్నే తలంటి పోసి, కొత్త గౌను తొడిగారు. నీలవేణి గుమ్మంలోనే మొగుణ్ణి ఆపింది.

"ఏదీ, మాట్లాడు."

"యామిని," అన్నాడు జోగారావు.

"ఇంకోపారి."

"యామిని."

ఆమె పక్కకి జరిగింది.

పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాశాడు. పాపని ఒళ్ళోకి తీసుకున్నాడు. చెవి మీదకి వంగాడు. ఎంత మెల్లగా చెప్పాడంటే పక్కనే ఉన్న నాకు కూడా వినపడలేదు. మూడు సార్లు పెదవులు కదలడం మాత్రం చూశాను. కుముదిని తెచ్చిన మీటరులో ముల్లు కదల్లేదు. నీలవేణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సాంబ్రాణి పొగ అంది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో విరూపాక్షం గారు కనిపించారు. వెనక విభాగాధిపతి, ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు. మండలికి చెందిన పలక ఒకటి అనధికార వ్యక్తి చేతిలో బయటికి వెళ్ళిందని, దాన్ని స్వాధీనం చేసుకోవడానికి వచ్చారట. కుశలం అడిగి, మంచినీళ్ళు తాగి, పలక తీసుకుని, ముద్ర సరిగా ఉందో లేదో చూసుకున్నారు.

"అసలు కంఠం దొరికిందా సార్?" అని అడిగాను మర్యాదకి.

"దొరుకుతుంది. ప్రమాణం నశించదు ఫణీ. ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది."

అప్పుడు పాప ఏడ్చింది.

తలంటి పోసిన నీళ్ళో, సాంబ్రాణి పొగో, ముక్కు దిబ్బడేసింది పిల్లకి. నోటితో గాలి తీసుకుని, ముక్కుతో కాకుండా, గొంతుతో కాకుండా, ఆ రెంటికీ మధ్య ఎక్కడినుంచో ఒక కేక పెట్టింది.

విరూపాక్షం గారి జేబులో ఫోను వెలిగింది. "డబస్కారబ్," అంది. "ప్రబాణ కఠాడికి స్వాగతబ్. డూటికి డూరు పాళ్ళు సరిపోలిడది."

విభాగాధిపతి జేబులో ఫోనూ అదే అంది. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళ ఫోన్లూ అన్నాయి. గదిలో చుట్టాల ఫోన్లన్నీ ఒకదాని వెనక ఒకటి పాపకి స్వాగతం చెప్పాయి.

జోగారావు బిడ్డని ఛాతీకి అదుముకున్నాడు. కుముదిని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

విరూపాక్షం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మెల్లగా పాప దగ్గరికి నడిచి వచ్చారు. ఆయన కళ్ళలో, విదేశంలో గాజు బుడ్డి ముందు నిలబడినప్పుడు మెరిసి ఉంటుందే, ఆ మెరుపు కనిపించింది. నీలవేణి వైపు తిరిగి, ఎంతో గౌరవంగా అడిగారు.

"అమ్మా, పాపకి ఐస్‌క్రీమ్ ఎన్నో నెల నుంచి పెట్టొచ్చు?"

నీలవేణి జవాబు చెప్పింది. రెండు నిమిషాల పాటు చెప్పింది. నేను దాన్ని మినిట్స్‌లో రాయలేదు. అందులో ఒక్క మాట కూడా మా మూడు వందల మాటల జాబితాలో లేదు.

కాని గదిలో అందరికీ అర్థమైంది. ముందుగా ఆ ఇంటి మెట్లు దిగింది విరూపాక్షం గారే.